ఆఖరి ఆనీలింగ్ అయ్యాక సుత్తి ముట్టొద్దు

మాదన్నపేట మండీలో కిందపడ్డ టమాటా నలిగిందని చూడగానే తెలుస్తుంది. అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూమెటల్ డబ్బా కిందపడితే తెలియదు. సొట్ట కనిపించకపోయినా దాని అయస్కాంత గుణం దెబ్బతింటుంది. మనకు దగ్గర్లోనే, కంచన్‌బాగ్‌లో, మిధాని లోహ కార్ఖానా 1973 నుంచి ఉంది. మృదు అయస్కాంత మిశ్రలోహాలు తయారుచేస్తుంది. ఐటీఐ చదివినవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఇలాంటి కార్ఖానాలోనో, భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనో చేరేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది పనుల వరస.

సున్నితమైన ప్రయోగాలకు భూమి అయస్కాంత క్షేత్రమే పెద్ద అడ్డంకి. మన దగ్గర అది సుమారు 40 మైక్రోటెస్లా. దాన్ని ఆపడానికే 80 శాతం దాకా నికెల్ ఉన్న మ్యూమెటల్‌తో కవచం చేస్తారు.

తయారీ: కోత, వంపు, డ్రిల్లింగ్, వెల్డింగ్ అన్నీ ముందే ముగించండి. నూనె, వేలిముద్రలు లేకుండా శుభ్రం చేయండి. ఆ తర్వాతే హైడ్రోజన్ ఫర్నేస్‌లో సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆనీలింగ్, అంటే కాచి చల్లార్చడం. ఆ వేడికి లోహంలోని ఒత్తిళ్లు పోతాయి. హైడ్రోజన్ కార్బన్, గంధకం వంటి మలినాలను లాగేస్తుంది. చల్లార్చే వేగం ఫర్నేస్ చార్టులో ఎంతుంటే అంతే. లోపలి గాలిని నైట్రోజన్‌తోనో ఆర్గాన్‌తోనో పూర్తిగా వెళ్లగొట్టకుండా హైడ్రోజన్ వదిలితే పేలుడే.

పరీక్ష: అదే షీటులోంచి ఒక రింగు కోసి, కవచంతోపాటే ఫర్నేస్‌లో పెట్టండి. కడ్డీ వద్దు, దాని కొనల్లో ఏర్పడే ధ్రువాలు కొలతను చెడగొడతాయి. రింగు మీద ప్రైమరీ, సెకండరీ తీగలు చుట్టండి, బిగించి నొక్కకండి. బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లు, లోపలిది 50 అయితే సగటు చుట్టుకొలత 0.173 మీటర్లు. 100 చుట్లలో 0.1 ఆంపియర్ పంపితే క్షేత్రం మీటరుకు 58 ఆంపియర్లు. సెకండరీలో పుట్టే వోల్టేజీ నుంచి బీ-హెచ్ వక్రం, అంటే క్షేత్రాన్నిబట్టి లోహం ఎంత అయస్కాంతమవుతుందో చూపే గీత, గీయొచ్చు. ప్రతి కొలతకు ముందు ఏసీ కరెంటును సాచురేషన్ దాకా పెంచి, మెల్లగా సున్నాకు దించండి. మధ్యలో స్విచ్ కట్టేస్తే పాత అయస్కాంతత్వం మిగిలిపోతుంది.

ఇలాంటి కొలతలు ఎంత ముఖ్యమో చూడండి: మదురైలోని 85 టన్నుల మినీ-ఐకాల్ డిటెక్టర్‌లో మ్యూయాన్ కణం ఎటు వంగిందో చూసి దాని ఆవేశం ధనమో రుణమో చెబుతారు. ఎంత వంగిందన్నదాన్నిబట్టి ద్రవ్యవేగం లెక్కిస్తారు. ఇనుప పలకల్లోని క్షేత్రం విలువ తప్పితే ఆ లెక్కా తప్పుతుంది.

కాబట్టి ముక్క చేజారితే దాచకండి, లాగ్‌బుక్‌లో రాయండి. తెలిసిన దెబ్బను మరోసారి ఆనీలింగ్ చేసి సరిదిద్దవచ్చు. రాయని దెబ్బ ఎక్కడుందో వెతకడానికే నెలలు పోతాయి.