ఎముకల గాదె

అక్కలారా! మన ఊళ్ళో నడుం వంగిన ముసలమ్మలు ఎంతమంది? ఒకసారి లెక్కపెట్టండి. "వయసు మీద పడింది, అంతే" అంటాం. అదంతా వయసు పనేనా?

ఎముక రాయి కాదు. దానికీ ప్రాణం ఉంది. రోజూ కొంచెం కరుగుతుంది. రోజూ కొంచెం కట్టుకుంటుంది. కట్టుకోవడానికి కాల్షియం కావాలి. అది మనం తినే తిండిలోంచే రావాలి.

కోతలయ్యాక గాదె నింపుతాం. తరవాత తీసుకుని తింటాం. ఎముకలూ అంతే. సుమారు 30 ఏళ్ళ దాకా నిండుతాయి. ఆ పైన మెల్లగా తరుగుతాయి. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ళకు మరీ తొందరగా తరుగుతాయి. ఎముక గుల్లబారుతుంది. అప్పుడు నూతి దగ్గర కాలు జారినా తుంటి విరుగుతుంది. వెన్నుపూసలు అణిగి నడుం వంగుతుంది.

మరి మన గాదె నిండుతోందా? పాలు కేంద్రానికి పోస్తాం. మిగిలినవి మగవాళ్ళకు, మగపిల్లలకు. ఆడపిల్లకు పలచని మజ్జిగ. అమ్మకు అడుగున మిగిలిన కూర. గాదె నిండాల్సిన వయసులోనే ఆడపిల్లకు తక్కువ పెడుతున్నాం. నలభై ఏళ్ళ తరవాత ఆ లోటు బయటపడుతుంది.

లెక్క చూద్దాం

పెద్ద ఆడవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అంటే ఒక గ్రాము. ముట్లు ఆగినవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు 1200 కావాలి. ఇది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క.

100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 10 మిల్లీగ్రాములే ఉంటుంది.
100 గ్రాముల రాగుల్లో సుమారు 360.
100 గ్రాముల తోటకూరలో సుమారు 330.
పావు లీటరు పాలల్లో సుమారు 300.

రాగులనండి, చోళ్ళనండి, తైదలనండి, గింజ ఒక్కటే. సంకటో అంబలో రోజుకు ఒకపూటైనా తాగండి, తినండి. నువ్వులు, మునగాకు, ముల్లుతో నమిలే చిన్న చేపలు కూడా మంచివే. ఒంటికి కాస్త ఎండ తగలాలి. ఎండ వల్ల డి విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. చుట్ట, పొగాకు ఎముకలకు చేటు.

"నాకు యాభై దాటాయి. ఇంకేం లాభం?" అనకండి. తరుగును ఇప్పుడైనా తగ్గించుకోవచ్చు. తిండి, నడక, పని అందుకు సాయం చేస్తాయి.

బిళ్ళల సంగతి

గర్భిణులకు నాలుగో నెల నుంచి ఆరోగ్య కేంద్రంలో కాల్షియం బిళ్ళలు, ఐరన్ బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. తప్పక వేసుకోండి. రెండూ ఒకేసారి మింగొద్దు. ఐరన్ ఒంటికి పట్టకుండా కాల్షియం అడ్డుపడుతుంది. నడుమ రెండు గంటలు ఉండాలి. కాల్షియం బిళ్ళ అన్నం తిన్నాక వేసుకోవాలి.

మిగతావాళ్ళు డాక్టరును అడిగి వాడాలి. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవాళ్ళు తప్పకుండా అడగాలి. నీరసమని సెలైను ఎక్కించుకుంటారు కొందరు. సెలైను అంటే ఉప్పునీళ్ళు. విరేచనాలై ఒంట్లో నీరు పోతే అది ప్రాణం నిలుపుతుంది. ఎముకకు బలం మాత్రం ఇవ్వదు. ఆ డబ్బుతో ఎన్ని కిలోల రాగులు వస్తాయో చూడండి. బిళ్ళ తిండికి తోడు. తిండికి బదులు కాదు.

మాట్లాడుకోండి, రాయండి

1. మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు? చివర ఎవరు తింటారు?
2. నిన్న మీ ఇంట్లో పాలు ఎవరెవరు తాగారు?
3. మీ అమ్మాయి నిన్న ఏమేం తిన్నదో పుస్తకంలో రాయండి. రేపు ఏం పెడతారో దాని కిందనే రాయండి.