కాపలాదారుడి తలుపు నుంచే దొంగ: విట్టీ వార్మ్ చెప్పే బఫర్ ఓవర్‌ఫ్లో పాఠం

పీసీలో ఫైర్‌వాల్ ఉంది, తెలియని లింకులు క్లిక్ చేయం, కాబట్టి సేఫ్ అనుకుంటున్నారా? 2004 మార్చిలో వచ్చిన విట్టీ వార్మ్ అలా జాగ్రత్తపడ్డవాళ్లనే దెబ్బకొట్టింది. ఇంటర్నెట్ సెక్యూరిటీ సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ తయారుచేసిన బ్లాక్‌ఐస్, రియల్‌సెక్యూర్ సాఫ్ట్‌వేర్లు ఉన్న విండోస్ కంప్యూటర్లే దాని టార్గెట్.

అసలు బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఏమిటి?

వచ్చే డేటాను కాసేపు పెట్టుకోవడానికి ప్రోగ్రామ్ మెమరీలో కొంత చోటు కేటాయిస్తుంది. అదే బఫర్. ఉదాహరణకు 512 బైట్ల చోటులోకి 700 బైట్లు వచ్చాయనుకోండి. సైజు చెక్ చేయకుండా కాపీ చేస్తే మిగతా 188 బైట్లు పక్కనున్న మెమరీ మీద పడతాయి. ఈ పని పూర్తయ్యాక ప్రోగ్రామ్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే అడ్రస్ కూడా అక్కడే ఉంటుంది. ఆ అడ్రస్‌ను మార్చేస్తే ప్రోగ్రామ్ హ్యాకర్ పంపిన కోడ్‌నే నడిపిస్తుంది.

విట్టీ ఎలా దూరింది?

ఫైర్‌వాల్ ప్రతి ప్యాకెట్‌నూ విప్పి చూస్తుంది కదా, చిక్కంతా అక్కడే. ఐసీక్యూ చాట్ మెసేజ్‌లను చదివే కోడ్‌లో సైజు చెక్ సరిగా లేదు. ఐసీక్యూ సర్వర్ నుంచి వచ్చినట్టు కనిపించే ఒక్క యూడీపీ ప్యాకెట్ చాలు. మీరు ఐసీక్యూ వాడకపోయినా, ఏదీ క్లిక్ చేయకపోయినా సరే, చెక్ చేయడానికి తెరిచిన క్షణంలోనే ఫైర్‌వాల్ దొరికిపోతుంది.

దూరాక విట్టీ తన కాపీలు 20,000 బయటికి పంపి, హార్డ్ డిస్క్‌లో ఎక్కడో ఒకచోట దాదాపు 65 కేబీ చెత్త రాసేది. మళ్లీ అదే పని. దాదాపు 12,000 కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి, అదీ గంటలోపే!

ఒక్క రోజే టైం

ఈ లోపం వివరాలు బయటికొచ్చింది మార్చి 18న. వార్మ్ మొదలైంది అమెరికా టైం ప్రకారం 19 రాత్రి. ప్యాచ్ ఉన్నా, వేసుకోవడానికి చాలామందికి టైమే దొరకలేదు.

మనం ఏం చేయాలి?

యాంటీవైరస్, వీపీఎన్, రౌటర్లకు కూడా ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచండి. అప్‌డేట్లు ఆగిపోయిన సెక్యూరిటీ యాప్‌ను తీసేయండి. ఎక్కువ పర్మిషన్లతో నడుస్తూ బయటి డేటాను చదివే యాప్‌లో లోపం ఉంటే, కాపలా కాయాల్సిందే దారి చూపిస్తుంది.