తులూజ్ పల్లెల్లో ఇల్లు కొనే ముందు

సామర్లకోటలో మా నాన్నగారు ఇంటిస్థలం కొన్నప్పుడు ముందుగా అడిగింది ఈసీ. లింకు డాక్యుమెంట్లన్నీ దస్తావేజు లేఖరి చేత చదివించుకుని, సరిహద్దు రాళ్ల వెంట తనే నడిచి చూసుకుని, అప్పుడు బయానా ఇచ్చారు. విమానాల కంపెనీల్లో ఉద్యోగానికి ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చిన మనవాళ్లు ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే ఆ భయమే పట్టుకుంటుంది: కాగితాలు సరిగ్గా ఉన్నాయా? ఆ సంగతి ఇక్కడ నోతేర్ చూసుకుంటారు. సొంత ఆఫీసు నడుపుకుంటున్నా ఆయన ప్రభుత్వం నియమించిన అధికారి. తాకట్లు, వారసుల హక్కులు తేల్చే బాధ్యత ఆయనది. మీ తరఫున మీరు వేరే నోతేర్‌ని పెట్టుకోవచ్చు. ఇద్దరున్నా ఫీజు పెరగదు, ఉన్నదాన్నే ఇద్దరూ పంచుకుంటారు. తప్పకుండా పెట్టుకోండి. మీ భయాన్నీ మీ శనివారాలనీ మాత్రం మట్టికీ, మురుగునీటికీ, రైలుకీ దాచుకోండి.

ముందు మట్టి. తులూజ్ చుట్టుపక్కల చాలాచోట్ల బంకనేల. మన డెల్టా చేలు ఎండల్లో నెర్రెలిచ్చి తొలకరికి ఉబ్బినట్టే ఈ నేలా చేస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ దాని మీద లోతులేని పునాదులతో కట్టిన ఇళ్లున్నాయి. పిబ్రాక్ దాటాక మాకు బాగా నచ్చిన ఇల్లొకటి దొరికింది. కొత్తగా రంగు వేశారు, పెరట్లో గోడ పక్కనే పెద్ద చెట్టు. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా కిందికి దిగుతున్న సన్నటి బీటను మా ఆవిడ చూసింది. ధర తగ్గిస్తామన్నారు. మేం వద్దనుకున్నాం. గోడకు అంత దగ్గర్లో పెద్ద చెట్టుంటే నేలలో నీళ్లు లాగేసి పగుళ్లు పెంచుతుందని ఆ తర్వాత తెలిసింది. ప్రభుత్వం నడిపే జెయోరిస్క్ వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే ఆ నేలకు ఈ బెడద ఎంత ఉందో పైసా ఖర్చు లేకుండా చూపిస్తుంది. ఆ ఊరికి కరువు విపత్తు ప్రకటన వచ్చిందా, ఈ ఇంటికి బీమా పరిహారం అందిందా అని అమ్మేవారిని సూటిగా అడగండి. పరిహారం తీసుకుని ఉంటే, వాళ్ల హయాంలోదైనా వాళ్లకు తెలిసిన పాతదైనా, రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. ఖాళీ స్థలమైతే, ఇలాంటి ప్రాంతాల్లో మట్టి పరీక్ష నివేదిక ఇవ్వకుండా అమ్మడానికి 2020 నుంచి వీల్లేదు.

ఊరి కాలువకు కలవని ఇళ్లకు సొంత సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. దాని తనిఖీ కాగితంలో లోపం రాసి ఉంటే, కొన్న ఏడాదిలోపు మీరే బాగు చేయించాలి. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి.

ఇక ఏ పల్లె? సామర్లకోట జంక్షన్‌లో కాకినాడ బండి కోసం నిలబడ్డవాళ్లకు బ్రాంచి లైను విలువ వేరే చెప్పక్కర్లేదు. తులూజ్ నుంచి ఓష్ వెళ్లే రైలు కొలోమియే, పిబ్రాక్, బ్రాక్స్-లెగెవాన్, మెరాన్‌వియెల్ మీదుగా లిల్-జుర్దాన్‌కి వెళ్తుంది. ఆఫీసులు పడమటి వైపు బ్లాన్యాక్, కొలోమియేల్లో ఉన్నవాళ్లకు ఈ వరుస నయం. కొలోమియే నుంచి లబేజ్‌కి కొత్త మెట్రో సి లైను 2028లో తెరవాలని పని సాగుతోంది. గ్రెనాద్ 1290లో పుట్టిన ఊరు, పాత చెక్క కప్పు సంతశాల కింద నిలబడితే కదలబుద్ధి కాదు. కానీ అక్కడికి రైలు లేదు. తూర్పున లోరగె కొండల అందం చూసి కొనుక్కుంటే రోజూ రెండుసార్లు రింగురోడ్డు ట్రాఫిక్ దాటాలి. బ్లాన్యాక్ దగ్గరి పల్లెల్లో విమానాల మోతకు వేరే మ్యాపు ఉంది, అదీ అడగండి.

చేను చవగ్గా దొరికింది, తర్వాత కన్వర్షన్ చేయించి ఇల్లు కడదాం అనే ఆలోచన ఇక్కడ పెట్టుకోవద్దు. ఏ నేలలో ఇల్లు కట్టొచ్చో ఊరి మేరీలో, అంటే మన పంచాయతీ ఆఫీసులాంటి చోట, ఉండే ప్లాను తేలుస్తుంది. పొలాల అమ్మకాల్లో సాఫేర్ అనే సంస్థ ముందు హక్కుతో అడ్డుపడగలదు. పైగా 2021 చట్టం కొత్త నేలను కాంక్రీటు కింద పెట్టడాన్ని క్రమంగా తగ్గించమంటోంది. చారిత్రక కట్టడంగా గుర్తించిన పాత చర్చికి 500 మీటర్లలోపు ఉంటే కిటికీ రంగుకు కూడా అనుమతి కావాల్సి రావచ్చు.

డబ్బు విషయంలో మన అలవాటు ఒకటి పూర్తిగా వదిలేయాలి. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతికిచ్చేది ఇంకొకటి అనే పద్ధతి ఇక్కడ నేరం. పైగా 2019 నుంచి అమ్మకాల ధరలను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో అందరికీ చూపిస్తోంది. బేరానికి అదే మీ ఆయుధం. ధర కుదిరాక కోంప్రోమి, అంటే మన అగ్రిమెంటు, రాస్తారు. బయానా 5 నుంచి 10 శాతం నోతేర్ ఖాతాలోకి వెళ్తుంది. కారణం చెప్పక్కర్లేకుండా వెనక్కి తగ్గడానికి కొనేవారికి 10 రోజులుంటాయి. బ్యాంకు అప్పు దొరక్కపోతే బయానా తిరిగొచ్చేలా షరతు రాయించడం మరవకండి. తాళం చేతికి రావడానికి సుమారు మూడు నెలలు. పాత ఇంటికి ధర మీద 7, 8 శాతం అదనపు ఖర్చు, అందులో పెద్ద భాగం పన్నే. రెండేళ్లలో ఊరు మారితే ఆ సొమ్ము పోయినట్టే, అందుకే మొదటి ఏడాది అద్దెకుండమంటాను. బ్యాంకులు సాధారణంగా నెల ఆదాయంలో 35 శాతం దాటి వాయిదా ఒప్పుకోవు, గడువు 25 ఏళ్లు.

ఊళ్లో పొలం అమ్మి అమ్మానాన్నలు పంపే డబ్బు ఎక్కడిదని నోతేర్ అడుగుతారు. సేల్ డీడు, బ్యాంకు కాగితాలు మొదటి రోజు నుంచే దాచండి. ఇండియాలో ఉన్న ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. గత పదేళ్లలో మీరు ఆరేళ్లు ఫ్రాన్స్‌లో ఉండి ఉంటే ఆ బహుమతికి ఇక్కడి పన్ను లెక్క మొదలవుతుంది. ఒక్కో తల్లి లేదా తండ్రి నుంచి 15 ఏళ్లకు లక్ష యూరోల దాకా మినహాయింపు ఉంది, అయినా డిక్లరేషన్ ఇవ్వాలి.

డీపీఈ అనే శక్తి గ్రేడు కూడా చూడండి. జి గ్రేడు ఇంటిని కొత్తగా అద్దెకివ్వడం 2025 నుంచి నిషేధం, ఎఫ్ గ్రేడుకు 2028లో వస్తుంది. రేపు మిమ్మల్ని హాంబర్గ్ బదిలీ చేస్తే ఆ ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది. ఇక దిక్కుల సంగతి. మా అమ్మ ఫోన్‌లోనే ఈశాన్యం అడిగింది, చూసి చెప్పాను. దక్షిణపు కిటికీల్లోంచి చలికాలపు ఎండ లోపలికి వస్తే హీటింగు బిల్లు తగ్గుతుందని కూడా చెప్పాను.

నచ్చిన ఇంటికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి మంగళవారం ఉదయం ఏడున్నరకు, ఆ ఇంటి నుంచి ఆఫీసుకు. రెండోది ఆగస్టు చివర్లో, వాన పడకముందు, గోడల చుట్టూ.