ఫ్రిజ్‌లో ఐసు ఎందుకు రాదు?

తలుపు దగ్గరే చల్లని నీళ్ళు, ఐసు ముక్కలు ఇచ్చే ఫ్రిజ్‌లు ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ ఇళ్ళలోనూ కనిపిస్తున్నాయి. హాస్టల్ నుంచి ఐ.టి.ఐ.కి వెళ్ళి ఈ పని నేర్చుకునే తమ్ముళ్ళు ముందు మిషను కాదు, డాబా మీది టాంకు చూడాలి.

పైపు కనెక్షన్‌తో నడిచే ఈ ఫ్రిజ్‌లలో చాలావాటికి కనీసం 20 పి.ఎస్.ఐ. నీటి ఒత్తిడి కావాలి. హైస్కూల్లో చదివిన పీడనం పాఠం గుర్తుందా? 10 మీటర్ల ఎత్తు నీరు ఇచ్చేది సుమారు 14 పి.ఎస్.ఐ. అంటే 20 కావాలంటే టాంకు 14 మీటర్ల ఎత్తున ఉండాలి. మన ఇళ్ళలో టాంకు ఫ్రిజ్‌కు 4 మీటర్ల పైన ఉందనుకోండి, వచ్చేది 6 లోపే. వాల్వు తెరుచుకున్నా అచ్చు నిండదు. ముక్కలు చిన్నగా, బోలుగా వస్తాయి. ఒత్తిడి చాలక వాల్వు సరిగా మూసుకోక నీరు కారడమూ ఉంది. బోర్డు పోయిందని వేలల్లో బిల్లు వేసేది సరిగ్గా ఇక్కడే! చిన్న బూస్టర్ పంపు పెడితే సరిపోయే పని అది.

ధార సన్నబడితే ఫిల్టరును అనుమానించండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో అది త్వరగా పూడుకుపోతుంది. మామూలుగా ఆరు నెలలకోసారి మార్చాలి.

నీరు బాగానే ఉండి ఐసు రాకపోతే ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉందో లేదో చూడండి. కొత్త ఫ్రిజ్ అయితే ఒక రోజు ఆగాలి. పైపులో నీరు గడ్డకడితే ప్లగ్గు తీసి, తలుపు తెరిచి కరగనివ్వండి. చాకుతో పొడవకండి, గ్యాసు గొట్టానికి చిల్లు పడితే ఫ్రిజ్ మొత్తం పోయినట్టే.