గంజాయి అలవాటు, మతిభ్రమణం: ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. "సిస్టరమ్మా, మా పెద్దోడు ఈమధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు. నేను వండింది తినడానికి అనుమానపడుతున్నాడు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటున్నాయి" అని చెప్పింది. ఆ అబ్బాయి అప్పుడు డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. నేను డ్యూటీకి వెళ్లే తొందరలో ఉన్నాను. "పరీక్షల బెంగ అయి ఉంటుందమ్మా, నాలుగు రోజులు నిద్రపోతే సర్దుకుంటుంది" అని వచ్చేశాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాలుగు నెలల తర్వాత అదే అబ్బాయిని చేతులు తువ్వాలుతో కట్టి ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. పక్కింటివాళ్లు తన మాటలు రికార్డు చేస్తున్నారని, గోడలోంచి ఎవరో తనను తిడుతున్నారని ఒకటే కేకలు. ఆ నాలుగు నెలలూ ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుని ఊళ్లు తిప్పారు. తాయెత్తు కట్టించారు, ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. గంజాయి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. మూడేళ్లుగా దాదాపు రోజూ తాగుతున్నాడని అతని స్నేహితుడు చెబితేనే తెలిసింది.

ముప్పై ఏళ్లు వార్డుల్లో పనిచేసిన నాకే ఆ రోజు తట్టలేదు. మీకైనా తట్టాలని ఈ పాఠం రాస్తున్నాను.

గంజాయిలో ఏముంది?

గంజాయి మొక్క పూతను ఎండబెట్టి సిగరెట్టులో గాని చిలుములో గాని పెట్టి తాగుతారు. దాని బంకను చరస్ అంటారు. ఇప్పుడు హాష్ ఆయిల్, గంజాయి చాక్లెట్లు కూడా పట్టుబడుతున్నాయి. తిన్నప్పుడు మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కలేదనుకుని ఇంకొకటి తినేవారు ప్రమాదంలో పడతారు.

మత్తు కలిగించే పదార్థం పేరు టి.హెచ్.సి. దీన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మొక్కలోంచి శుద్ధిగా వేరుచేశారు. దీనిలాగే పనిచేసే ఒక పదార్థాన్ని మన మెదడు స్వయంగా తయారుచేసుకుంటుందని 1992లో కనుగొన్నారు. సంస్కృతంలోని 'ఆనందం' అనే మాటను తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మెదడులోని కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లను అవసరమైనంత మేరకు తగ్గించడం దాని పని. గంజాయి తాగితే టి.హెచ్.సి. వచ్చి దాని స్థానంలో కూర్చుంటుంది. మోతాదు ఎక్కువ, ఉండే సమయమూ ఎక్కువ. దాంతో మెదడు అదుపు తప్పుతుంది.

మెదడులో డోపమైన్ అనే మరో పదార్థం ఉంది. "ఇది ముఖ్యం, గమనించు" అని మనకు గుర్తు చేసేది అదే. దాని లెక్క తప్పితే ముఖ్యం కానిది కూడా ముఖ్యంగా తోస్తుంది. దారిన పోయేవాడు దగ్గితే తనకోసమే దగ్గాడనిపిస్తుంది. టీవీలో చదివే వార్త తన గురించే అనిపిస్తుంది. అనుమానం ఇలాగే మొదలవుతుందని వైద్యులు వివరిస్తారు.

సైకోసిస్ అంటే ఏమిటి?

ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలియని స్థితిని సైకోసిస్ అంటారు. మన భాషలో మతిభ్రమణం. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, తనకు హాని చేస్తున్నారని గట్టిగా నమ్మడం, పొంతన లేకుండా మాట్లాడటం దీని ముఖ్య లక్షణాలు.

గంజాయి వల్ల ఇది మూడు రకాలుగా కనిపించవచ్చు.

1. మత్తులో ఉన్న కొన్ని గంటలు మాత్రమే భయం, అనుమానం కలగడం.
2. మత్తు దిగినా రోజులు, వారాలపాటు లక్షణాలు ఉండిపోవడం. గంజాయి మాని, వైద్యం తీసుకుంటే చాలామందిలో ఇది తగ్గుతుంది.
3. స్కిజోఫ్రీనియా వంటి దీర్ఘకాలపు జబ్బు బయటపడటం.

రెండో రకాన్ని తేలికగా తీసుకోకూడదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2020లో లెక్క వేస్తే, గంజాయి వల్ల సైకోసిస్ వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఆ తర్వాత స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయింది. అందుకే తగ్గిపోయిందని వదిలేయకుండా డాక్టరు గారికి చూపించుకుంటూ ఉండాలి.

తాగిన అందరికీ వస్తుందా?

రాదు. ఇది నిజం, దాచనవసరం లేదు. "మా సీనియర్లు తాగుతున్నారు, వాళ్లకేమీ కాలేదు" అని పిల్లలు అడిగితే "నిజమే, కానీ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు" అని చెప్పండి.

స్వీడన్‌లో సైన్యానికి పిలిచిన 45,000 మందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ఫలితాలు ప్రకటించారు. 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది గాని పోలేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరపు అధ్యయనం 2002లో వెలువడింది. 15 ఏళ్లకే గంజాయి వాడినవారిలో 100కి 10 మందికి 26 ఏళ్లు వచ్చేసరికి ఆ తరహా జబ్బు కనిపించింది. వాడనివారిలో 100కి 3. ఐరోపా, బ్రెజిల్‌లలో 11 చోట్ల జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజూ వాడేవారికి సైకోసిస్ వచ్చే అవకాశం 3 రెట్లు, ఘాటైన రకం రోజూ వాడేవారికి దాదాపు 5 రెట్లు అని తేలింది.

కాబట్టి ప్రమాదం ఎవరికి ఎక్కువ?

- చిన్న వయసులో మొదలుపెట్టినవారికి. మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా కొన్నేళ్లు సాగుతుంది.
- రోజూ వాడేవారికి, ఘాటైన రకం వాడేవారికి.
- తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామల వంటి రక్తసంబంధీకుల్లో మానసిక జబ్బు ఉన్నవారికి.

ఇది మన ఇళ్లకు దూరంగా ఉన్న సంగతి కాదు. మన దేశంలో సుమారు 72 లక్షల మందికి గంజాయి, భంగు, చరస్ వాడకం వల్ల సహాయం అవసరమని కేంద్ర ప్రభుత్వ సర్వే 2019లో తెలిపింది.

ముందుగా కనిపించే గుర్తులు

నేను ఆ రోజు అడగవలసిన ప్రశ్నలు ఇవే. మీ ఇంట్లో ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకండి.

- రాత్రి నిద్ర తప్పి, పగలు గదిలోనే ఉండిపోతున్నాడా?
- పాత స్నేహితులను, ఆటలను, చదువును వదిలేశాడా?
- స్నానం, బట్టలు, తిండి పట్టించుకోవడం లేదా?
- తనలో తాను నవ్వుకోవడం, గొణుక్కోవడం ఉందా?
- ఇంట్లోవాళ్లనే అనుమానిస్తున్నాడా?
- కళ్లు ఎర్రబడటం, బట్టలకు ఆకు కాల్చిన వాసన, లెక్క తెలియని ఖర్చు ఉన్నాయా?

ఆడపిల్లల విషయంలోనూ ఇవే ప్రశ్నలు అడగండి.

ఇంట్లోవాళ్లు ఏమి చేయాలి?

వాదించకండి. "గోడలో ఎవరూ లేరు, పిచ్చి మాటలు ఆపు" అంటే మీరు కూడా శత్రువుల్లో కలిసిపోతారు. అలాగని అవునవును అనకండి. "నాకు వినిపించడం లేదు నాన్నా. కానీ నీకు చాలా భయంగా ఉందని అర్థమవుతోంది. డాక్టరు గారి దగ్గరకు వెళదాం" అనండి.

కొట్టకండి, కట్టేయకండి. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కత్తిపీట, తాళ్లు, పురుగుమందు అందకుండా తీసేయండి. చచ్చిపోతానన్నా, ఎవరినైనా చంపుతానన్నా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకురండి.

డాక్టరు గారికి గంజాయి సంగతి దాచకండి. పోలీసు కేసు అవుతుందని చాలామంది భయపడతారు. మత్తుపదార్థాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, గంజాయి తాగినందుకు లేదా కొద్దిపాటి పరిమాణం దొరికినందుకు కేసు పడినవారు కూడా, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో స్వచ్ఛందంగా చేరి ఆ అలవాటు మాన్పించే చికిత్స పూర్తి చేస్తే ఆ విచారణ నుంచి రక్షణ ఉంది.

మందులు మధ్యలో ఆపకండి. రిస్పెరిడోన్, ఒలాంజపైన్ వంటి మాత్రలు వాడేటప్పుడు బరువు పెరగడం, మగత, ఒళ్లు బిగుసుకోవడం రావచ్చు. వస్తే మాత్ర మానకుండా మాకు చెప్పండి, డాక్టరు గారు మోతాదు సరిచేస్తారు. గంజాయి మానిన మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం సహజం. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ రోజుల్లో ఒక మనిషి తోడుండాలి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే సలహాకు 14446. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో వైద్యం దొరుకుతుంది.

ప్రార్థన మానమని నేను చెప్పడం లేదు. మా వార్డులో రోజూ ఉదయం ప్రార్థనతోనే పని మొదలవుతుంది. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. కామెర్లు వచ్చినా కాలు విరిగినా ప్రార్థిస్తూనే ఆస్పత్రికి వస్తాం కదా. మెదడుకు జబ్బు చేసినప్పుడు మాత్రం ఎందుకు ఆగాలి? ఈ జబ్బులో వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

ఆ అబ్బాయి మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఏడాది చదువు పోయింది. ఎనిమిది నెలలు బాగానే ఉండి, ఒక పెళ్లిలో స్నేహితులు ఇస్తే మళ్లీ తాగాడు. పది రోజుల్లో ఆ మాటలు తిరిగి వినిపించాయి. ఈసారి తల్లి నాలుగు నెలలు ఆగలేదు, మర్నాడే తీసుకొచ్చింది. ఇప్పుడు మాత్ర వేసుకుంటూ ఒక మోటారు రివైండింగు షాపులో పనిచేస్తున్నాడు. ఆదివారం కనబడితే "సిస్టరమ్మా, బాగున్నాను" అంటాడు. నేను మాత్రం ఆ తల్లి చెప్పేది ఇప్పుడు నిలబడి వింటాను.

కుటుంబంతో కలిసి ఆలోచించండి

1. మన పిల్లలు తప్పు చేస్తే మనతో చెప్పుకునేంత చనువు మన ఇంట్లో ఉందా?
2. మన రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా? ఆ సంగతి పిల్లలకు చెప్పామా?
3. మన సంఘంలో ఇలాంటి కుటుంబం ఉంటే వారిని గురించి మాట్లాడుకుంటున్నామా, వారితో మాట్లాడుతున్నామా?