ట్యాంకు కారుతోందా? పీడనాన్ని అడుగుదాం!



మన పటమట ఆటోనగర్‌లో లారీ డీజిల్ ట్యాంకు కారితే విప్పి కింద పెట్టి చూస్తారు. మరపడవల్లో ట్యాంకు పడవ పొట్టలోనే బిగించి ఉంటే అలా విప్పడం కష్టం. అక్కడ మనం చదువుకున్న పీడనం పాఠమే సాయపడుతుంది.

ముందుగా ఇంధనం తోడేసి, గాలి బాగా ఆడనివ్వాలి. నిప్పు దగ్గరకు రానివ్వరాదు. ట్యాంకు గొట్టాలన్నీ మూసి, ఒకదానికి ప్రెషర్ గేజి తగిలించి, చేతిపంపుతో మెల్లగా గాలి నింపాలి. చదరపు సెంటీమీటరుకు 0.2 కిలోలు చాలు. ఇది కొంచెమే అనుకోకండి. చదరపు మీటరు రేకు మీద అది 2,000 కిలోల బరువు! అందుకే టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ పెడితే ట్యాంకు పగిలిపోవచ్చు.

5 నిమిషాలు ముల్లు కదలకపోతే ట్యాంకు బాగున్నట్లే. దిగితే అతుకుల మీద సబ్బునీళ్లు పూయాలి. బుడగలు వచ్చిన చోటే చిల్లు. అయితే లోపలి గాలి 3 డిగ్రీలు చల్లబడినా గేజి సుమారు 6 శాతం తగ్గుతుంది. కనుక ఈ పరీక్ష నీడలో చేయాలి.

చిల్లు దొరికింది కదా అని వెంటనే వెల్డింగ్ పెట్టరాదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మన పెద్దలకు పని తెలుసు, మనకు దాని లెక్క తెలుసు. సెలవులకు వెళ్లినప్పుడు ఈ లెక్క వారికి చెబుదాం.