తాతగారు ఒక్కరే కదా, మరి "ఆర్" ఎందుకు వచ్చింది?



ఈమధ్య నాలుగో తరగతిలో ఒక పాప లేచి, "మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ కమింగ్ టుమారో" అంది. పిల్లలంతా నవ్వారు. పీరియడ్ అయ్యేదాకా పాప మళ్ళీ నోరు విప్పలేదు. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ళ నాన్నగారు, "ఇంట్లో తెలుగు తగ్గించమంటారా మేడం?" అని అడిగారు.

వద్దండీ. ఆ తప్పు వెనుక ఉన్నది మంచి తెలుగే.

తాతగారు "వస్తున్నాడు" అనం, "వస్తున్నారు" అంటాం. మనిషి ఒక్కరే అయినా గౌరవం కోసం క్రియను బహువచనంలో వాడతాం. పాప ఆ గౌరవాన్నే ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి "ఆర్" అంది. కానీ ఇంగ్లీషు క్రియ మర్యాద చూడదు, లెక్క చూస్తుంది. తాతగారు ఒక్కరే కాబట్టి "ఈజ్ కమింగ్". ప్రధానమంత్రి వస్తున్నా "ఈజ్" అనే అనాలి. "యూ" ఒక్కటే వేరు. ఎదుట ఒకరున్నా పదిమంది ఉన్నా "యూ ఆర్" అనే అంటాం.

వస్తువుల దగ్గరా ఇదే చిక్కు. మనకు పాలు కాగాయి, నీళ్ళు వచ్చాయి. రెండూ బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ ఏకవచనాలు. అందుకే "ది మిల్క్ ఈజ్ హాట్". వార్తలు మనకు చాలా, ఇంగ్లీషులో మాత్రం "ది న్యూస్ ఈజ్ గుడ్". న్యూస్ చివర "ఎస్" ఉన్నా అది ఏకవచనమే.

ఇక "ఎస్" సంగతి. నామవాచకానికి చేరితే అది సాధారణంగా బహువచనం. క్రియకు చేరితే ఏకవచనం! "ది బాయ్ ప్లేస్", "ది బాయ్స్ ప్లే". ఇలాంటి చిన్న వాక్యాల్లో "ఎస్" అటో ఇటో ఒకచోటే ఉంటుందని పిల్లలకు చెప్పండి. ఐ, యూ తర్వాత మాత్రం క్రియకు "ఎస్" రాదు: "ఐ ప్లే", "యూ ప్లే".

రోజూ భోజనాల దగ్గర ఐదు నిమిషాలు చాలు. తెలుగులో ఒక వాక్యం చెప్పి ఇంగ్లీషులో చెప్పమనండి. అమ్మమ్మగారు టీవీ చూస్తున్నారు. బియ్యం అయిపోయాయి. అన్నయ్యలు ఆడుకుంటున్నారు. తప్పు వస్తే "తప్పు" అనకండి. "ఎవరి గురించి చెబుతున్నావు? ఎంతమంది?" అని అడగండి. చాలాసార్లు పిల్లలే దిద్దుకుంటారు.

ఆ పాపనూ మర్నాడు అదే అడిగాను. "ఎంతమంది తాతగార్లు వస్తున్నారమ్మా?" ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. "ఒక్కరే మేడం. ఈజ్ కమింగ్!"